సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ తయారీ: యాప్ మేలా, క్లాసు మేలా, ఇంట్లో మనమే అడగడం మేలా?

అమెరికా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ తేదీ రాగానే చాలా ఇళ్లలో మొదలయ్యేది సివిక్స్, అంటే అమెరికా చరిత్ర, ప్రభుత్వం మీద ప్రశ్నల బట్టీ. ఫ్రిజ్ మీద సెనేటర్ల పేర్లు వెలుస్తాయి, కార్లో ఆడియో మోగుతుంది. మంచిదే. కానీ ఆ గదిలో మనవాళ్లు తడబడేది సెనేటర్ల దగ్గర తక్కువ, తమ సొంత ఫారం దగ్గర ఎక్కువ. కారణం సింపుల్. సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం ఎన్-400 నింపింది ఒకరు, జవాబు చెప్పాల్సింది మరొకరు. రాత్రి పదింటికి లాప్‌టాప్ ముందు కూర్చుని భర్త టకటకా నింపేసి, "ఇక్కడ సంతకం పెట్టు" అంటాడు. ఆర్నెల్ల తర్వాత అందులో ఏముందని ఆఫీసరు అడిగేది మాత్రం ఆవిడనే. కొన్ని ఇళ్లలో నింపేది భార్య, గదిలో ఇరుక్కునేది భర్త. ఈ మాటలు ఇంట్లో చదివించేవారి కోసం; ఇంటర్వ్యూకి వెళ్లేది భార్య అనుకుని "ఆవిడ" అంటున్నాను.

ఏ పద్ధతి మేలో తేల్చాలంటే ముందు పరీక్షలో ఏముందో చూడాలి. చదవడం, రాయడం, సివిక్స్, మాట్లాడటం. మాట్లాడటానికి వేరే పరీక్ష లేదు. ఫారంలోని ప్రశ్నలు అడుగుతూ, వచ్చే జవాబులను బట్టే ఆఫీసరు ఇంగ్లీషును అంచనా వేస్తారు. సమయం ఎక్కువ తినేదీ అదే.

సివిక్స్‌కి యాప్ లేదా ఆడియో మేలు, ఇందులో సందేహం లేదు. మీరు పక్కన కూర్చుని అడగక్కర్లేదు, ఆ ఓపిక దాచుకోండి. అయితే ఏ పరీక్షకి చదువుతున్నారో ముందు చూసుకోవాలి. 2025 అక్టోబర్ 20న గానీ ఆ తర్వాత గానీ ఫారం పంపినవారికి కొత్త పరీక్ష: 128 ప్రశ్నల జాబితా, అందులో 20 వరకు అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. 12 రాగానే ఆపేస్తారు, 9 తప్పినా ఆపేస్తారు. అంతకుముందు పంపినవారికి పాత పద్ధతి: 100 ప్రశ్నలు, 10 వరకు అడుగుతారు, 6 చాలు. యాప్ పాతదైతే వంద ప్రశ్నలూ నోటికొచ్చినా పని సగమే అయినట్టు.

యాప్‌లతో ఇంకో చిక్కుంది. నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కమనే యాప్‌లో నూటికి నూరు తెచ్చుకున్న మనిషి, "వాట్ ఈజ్ ది ఫార్మ్ ఆఫ్ గవర్నమెంట్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్?" అని నోటితో అడిగితే ఆగిపోవచ్చు. చూసి గుర్తుపట్టడం వేరు, నోరు తెరిచి చెప్పడం వేరు. అందుకే ఈ పరీక్ష పెట్టే అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ ఉచితంగా ఇచ్చే జాబితా, ఆడియోలే నయం. వంట చేస్తూ వినొచ్చు, ప్రశ్న అయ్యాక ఆపి పైకి జవాబు చెప్పొచ్చు. ఎనిమిది వారాలుంటే వారానికి 16 ప్రశ్నల చొప్పున 128 పూర్తవుతాయి. ప్రెసిడెంటు, వైస్ ప్రెసిడెంటు, స్పీకరు, మీ రాష్ట్ర గవర్నరు, సెనేటర్లు, మీ కాంగ్రెస్ నియోజకవర్గ ప్రతినిధి పేర్లు మాత్రం ఇంటర్వ్యూ వారంలో మరోసారి సరిచూడండి. ఎన్నికలు జరిగితే జవాబు మారిపోతుంది.

ఇంట్లో మీరు అడగడం దేనికి మేలంటే ఫారానికి. యాప్‌కి మీ ఫారం తెలీదు, క్లాసులో టీచరుకీ తెలీదు, మీకు తెలుసు. పంపిన ఎన్-400 కాపీ ప్రింటు తీసి, బల్లకి అటూ ఇటూ కూర్చోండి. ఆఫీసరు చేసే వరుసలోనే చేయండి: నిలబెట్టి ప్రమాణం చేయించడం, గ్రీన్ కార్డు, పాస్‌పోర్టులు అడగడం, పేరు, చిరునామా, ఉద్యోగం, ఇండియా ట్రిప్పులు, ఆ తర్వాత "హావ్ యూ ఎవర్" ప్రశ్నలు.

ఈ చివరి భాగమే అసలు గండం. "హావ్ యూ ఎవర్ క్లెయిమ్డ్ టు బీ ఎ యూఎస్ సిటిజన్?" అని అడిగితే, "యెస్, యెస్, ఐ వాంట్ టు బీ" అనేవారున్నారు. తాము అప్లై చేసిన సంగతే అడుగుతున్నారని వాళ్ల ఉద్దేశం. ఆఫీసరు వినేది మాత్రం, గతంలో సిటిజన్‌నని అబద్ధం చెప్పానని ప్రమాణం మీద ఒప్పుకున్నట్టు. "క్లెయిమ్డ్ అంటే నేను సిటిజన్‌నని ఎక్కడైనా చెప్పుకున్నావా అని" అంటూ ముందే తెలుగులో విడమరిచి చెప్పాలి. ఓటరుగా నమోదయ్యారా అనే ప్రశ్నా అంతే. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్లో తెలియక ఆ గడిలో టిక్కు పెట్టారేమో ముందే చూసుకోవాలి. కమ్యూనిస్టు పార్టీతో ప్రపంచంలో ఎక్కడైనా, ఎప్పుడైనా సంబంధం ఉందా అన్నది మన ఊళ్ల నుంచి వచ్చినవారికి ఉత్త లాంఛనం కాదు. కాలేజీ రోజుల్లో ఎస్‌ఎఫ్‌ఐలోనో ఏఐఎస్‌ఎఫ్‌లోనో సభ్యత్వం ఉంటే, ఫారం పంపకముందే లాయరును అడగాల్సిన విషయమది. ఇంటర్వ్యూ గదిలో మొదటిసారి గుర్తుకు రాకూడదు.

మనకే ప్రత్యేకమైన చిన్న పొరపాట్లు కూడా మీరైతేనే పట్టుకోగలరు. ఆగస్టు 5న పుట్టినవారు అలవాటుగా "ఫైవ్ ఎయిట్" అంటారు, అక్కడ అది మే 8 అవుతుంది. నెల పేరుతో చెప్పడం నేర్పండి. అవునన్నట్టు తల అడ్డంగా ఊపడం, "ఊఁ" అనడం మాన్పించండి. పెళ్లికి ముందున్న ఇంటిపేరు "అదర్ నేమ్స్" కిందకి వస్తుందని గుర్తు చేయండి. అర్థం కానిదానికి "యెస్" అనకుండా, "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ ఇట్?" అనడం పదిసార్లు పలికించండి. అలా అడగడం తప్పేమీ కాదు.

మరి ఇంటి పద్ధతిలో లోపం? మొదటిది గొడవ. మూడో తప్పుకే గొంతు లేస్తుంది, నాలుగో తప్పుకి "నాకు రాదులే" అని పుస్తకం మూతపడుతుంది. రోజుకి 20 నిమిషాలకి మించొద్దు, తప్పులు కాగితం మీద రాసుకుని చివర్లో చెప్పండి. రెండోది అందింపు: మొదటి అక్షరం మీరే పలికేస్తారు. మూడోది, మీ ఇంగ్లీషు యాస ఆవిడ చెవికి అలవాటు, ఆఫీసరు యాస కొత్త. కాబట్టి చివరి రెండు వారాల్లో ఆవిడకి పెద్దగా పరిచయం లేని మీ ఆఫీసు మిత్రుడెవరితోనైనా ఫోన్లో అడిగించండి. మొహం కనబడకుండా వినడం కష్టం, అందుకే మంచి సాధన.

లైబ్రరీల్లోనూ కమ్యూనిటీ కాలేజీల్లోనూ జరిగే క్లాసులు ఇంగ్లీషు బాగా తడబడేవారికి మేలు. రకరకాల యాసలు చెవిన పడతాయి, బిడియం పోతుంది. ఉద్యోగం చేస్తూ రోజూ ఇంగ్లీషులో మీటింగులు పెట్టేవారికి మాత్రం అది వారానికో సాయంత్రం దండగ.

చదవడం, రాయడం దేనితోనైనా సరిపోతుంది. మూడు వాక్యాల్లో ఒకటి చదివితే చాలు, మూడింట్లో ఒకటి రాస్తే చాలు. పదాల జాబితా చిన్నది, ఫిబ్రవరి స్పెల్లింగు దగ్గర కాస్త జాగ్రత్త. చాలా ఆఫీసుల్లో టాబ్లెట్ మీద స్టైలస్‌తో రాయిస్తారు, ముందు ఒకసారి అలా రాయించి చూడండి.

సిటిజన్‌తో పెళ్లి ఆధారంగా, గ్రీన్ కార్డు వచ్చాక మామూలు ఐదేళ్లకు బదులు మూడేళ్లకే అప్లై చేసే దారిలో వెళ్లేవారికి ఇంటి సాధన ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఈ దారికి మీరు సిటిజన్ అయి మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లూ కలిసి కాపురం చేసి ఉండాలి. 90 రోజుల ముందే ఫారం పంపే వెసులుబాటు గ్రీన్ కార్డు కాలానికే గానీ కాపురం లెక్కకి కాదు. ఇక్కడే తిరస్కరణలు వస్తాయి. ఉద్యోగం ద్వారా ఇద్దరికీ ఒకేసారి గ్రీన్ కార్డు వచ్చి ఉంటే మీరు నిన్న సిటిజన్ అయినా లాభం లేదు, ఆవిడది ఐదేళ్ల దారే. మూడేళ్ల దారి అయితే జాయింట్ టాక్స్ ట్రాన్స్‌క్రిప్టులు, ఇంటి లీజు, బ్యాంకు ఖాతా కాగితాల్లో ఏముందో ఆవిడకీ తెలిసుండాలి. జవాబులు మాత్రం అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయించొద్దు, చెవికి తెలిసిపోతుంది.

వయసు 50 దాటి గ్రీన్ కార్డు వచ్చి 20 ఏళ్లయినా, 55 దాటి 15 ఏళ్లయినా లెక్క మొత్తం మారుతుంది. ఇంగ్లీషు మినహాయింపు దొరుకుతుంది, సివిక్స్ తెలుగులో చెప్పొచ్చు. అప్పుడు క్లాసు పక్కన పెట్టి తెలుగులోనే చదివించండి. దుబాసీగా మీరే కూర్చుంటే ఆఫీసరు ఒప్పుకోకపోవచ్చు, బయటి మనిషిని చూసుకోండి.

తప్పితే? 60 నుంచి 90 రోజుల్లోపు మరో అవకాశం ఇస్తారు, తప్పిన భాగానికే. రాత పోతే రాతే, సివిక్స్ పోతే సివిక్సే. రెండోసారీ పోతే ఫారం మళ్లీ మొదటి నుంచి, ఆన్‌లైన్లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760.