ఐలాకా, స్పేసైడ్‌కా? స్కాచ్ డిస్టిలరీల యాత్ర వేసుకునేవారికి

స్కాట్లాండ్‌లో ఇప్పుడు 150 దాకా విస్కీ డిస్టిలరీలు నడుస్తున్నాయి. ఎడిన్‌బరో నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చే బస్సు టూర్లో ఒకటో రెండో చూడొచ్చు. తొలిసారి వెళ్లేవారికి అదీ పనికొస్తుంది. విస్కీ మీద నిజంగా ఇష్టం ఉన్నవారు మాత్రం ఐలా ద్వీపమో, స్పే నది లోయలోని స్పేసైడో, ఒకే ప్రాంతం ఎంచుకుని, అక్కడే నాలుగు రాత్రులు ఉండి, రోజుకు రెండు డిస్టిలరీలకు మించకుండా చూడాలి. మూడో దానికొచ్చేసరికి నాలుక మొద్దుబారుతుంది, గైడ్ చెప్పేది చెవికెక్కదు.

బస ఎక్కడన్నది తేల్చేది కారు విషయమే. స్కాట్లాండ్‌లో 2014 డిసెంబరు నుంచి డ్రైవర్ రక్తంలో ఆల్కహాల్ పరిమితి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాములు. ఇంగ్లండ్‌లో అది 80. టూర్లో ఇచ్చే రెండు మూడు పెగ్గులతోనే గీత దాటే అవకాశం ఉంది, దొరికితే కనీసం ఏడాది పాటు డ్రైవింగ్ నిషేధం. అందుకే చాలా డిస్టిలరీలు డ్రైవర్ వాటాను చిన్న సీసాల్లో పోసి ఇస్తాయి. టికెట్ చూపించేటప్పుడే డ్రైవర్‌నని చెప్పాలి. అంతకన్నా మంచి పద్ధతి, నడిచి వెళ్లగలిగే చోట గది తీసుకోవడం.

ఆ లెక్కన ఐలా ద్వీపంలో పోర్ట్ ఎలెన్ ఊరికి సాటి లేదు. అక్కడి నుంచి తూర్పుకు, రోడ్డు పక్కనే వేసిన కాలిబాట మీద లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ డిస్టిలరీలు వరసగా వస్తాయి. చివరి దాకా దాదాపు ఐదు కిలోమీటర్లు. పొద్దున ఆర్డ్‌బెగ్ దాకా నడిచి, అక్కడి కేఫేలో భోంచేసి, తిరుగు దారిలో లగవూలిన్ చూసుకోవడం బాగుంటుంది. లఫ్రోయిగ్‌ను మరో రోజుకు ఉంచుకోవాలి. 1983లో మూతపడి 2024లో మళ్లీ తెరిచిన పోర్ట్ ఎలెన్ డిస్టిలరీ కూడా ఊళ్లోనే ఉంది. కాకపోతే అక్కడ టూర్లు ఖరీదు, తొలి యాత్రకు తప్పనిసరేమీ కాదు.

బోమోర్ ఊరు ఐలా ద్వీపం నడిమధ్యలో ఉంటుంది. దుకాణాలు, బ్యాంకు, బస్సులు అన్నీ అక్కడే. 1779 నాటి డిస్టిలరీ ఊరి మధ్యలో సముద్రాన్ని ఆనుకుని ఉంటుంది. విస్కీ కాచే రాగి బట్టీల నుంచి వచ్చే వృథా వేడితో పక్కనే ఉన్న ఊరి ఈతకొలనులో నీళ్లు కాగుతాయి. కారు లేనివారికి, పిల్లలతో వచ్చేవారికి బోమోర్ నయం. పోర్ట్ షార్లెట్ ప్రశాంతంగా ఉంటుంది. అక్కడి హాస్టల్ ఒకప్పటి డిస్టిలరీ గోదాములో నడుస్తోంది, తక్కువ ఖర్చులో మంచి బస. వంటగది కూడా ఉంటుంది గనక శాకాహారులకు అదే మేలు, ఎందుకంటే ద్వీపంలో హోటల్ భోజనం ఎక్కువగా చేపలూ మాంసమే. బియ్యం, పప్పు, కూరగాయలు బోమోర్, పోర్ట్ ఎలెన్ కోఆప్ దుకాణాల్లో దొరుకుతాయి. పచ్చడి, కారం మాత్రం గ్లాస్గోలోనే కొనుక్కోవాలి. ఆదివారం ద్వీపంలో బస్సులు నడవవు. ఆ రోజుకు ఏదీ బుక్ చేయకపోవడమో, టాక్సీ ముందే మాట్లాడుకోవడమో చేయాలి. ఉన్న టాక్సీలు కొన్నే, అప్పటికప్పుడు ఫోన్ చేస్తే రావడం కష్టం.

ఐలా చేరడానికి గ్లాస్గో నుంచి విమానం ముప్పావుగంట లోపే. కెన్నాక్రెగ్ రేవు నుంచి ఫెర్రీ రెండు గంటల పైచిలుకు. గ్లాస్గో నుంచి క్యాంబెల్‌టౌన్ వెళ్లే 926 నంబరు బస్సు ఆ రేవు దగ్గర ఆగుతుంది. జాగ్రత్త పడాల్సింది ఒకటుంది: ద్వీపంలో రేవులు రెండు, పోర్ట్ ఎలెన్ దక్షిణాన, పోర్ట్ అస్కెయిగ్ ఉత్తరాన. టికెట్ మీద ఏ రేవు ఉందో చూడకుండా గది తీసుకుంటే దిగాక ద్వీపం అటు నుంచి ఇటు దాటాలి. వేసవిలో కార్లకు ఫెర్రీలో చోటు ముందే నిండిపోతుంది, నడిచి ఎక్కేవారికి ఆ ఇబ్బంది ఉండదు. గాలి ఎక్కువైతే ఫెర్రీలు రద్దవుతాయి. అందుకని ఇండియాకు విమానం ఎక్కే ముందు రోజు దాకా ద్వీపంలోనే ఉండకూడదు, మధ్యలో ఒక రోజు ఖాళీ పెట్టుకోవాలి. మే చివర్లో ఐలాలో జరిగే ఫేష్ ఈలే విస్కీ, సంగీత ఉత్సవానికి ఏడాది ముందే గదులు అయిపోతాయి.

స్పేసైడ్‌కు చేరడం తేలిక. అబర్డీన్, ఇన్వర్నెస్ మధ్య రైలు మార్గంలోనే ఎల్గిన్, కీత్ స్టేషన్లు ఉన్నాయి. కీత్‌లో 1786 నాటి స్ట్రాత్‌ఐలా డిస్టిలరీ స్టేషన్‌కు నడక దూరం. ఎల్గిన్ నుంచి 36 నంబరు బస్సు రోథెస్, క్రెయిగెల్లాకీ, అబెర్లోర్ మీదుగా డఫ్‌టౌన్ పోతుంది. బస అబెర్లోర్‌లోనో డఫ్‌టౌన్‌లోనో తీసుకోవాలి. ఎల్గిన్‌లో గదులు చవకే కానీ సాయంత్రం ఆఖరి బస్సు గురించే ధ్యాసంతా ఉంటుంది. అబెర్లోర్ నుంచి క్రెయిగెల్లాకీకి పాత రైలు దారి మీదుగా స్పే నది పక్కన మూడు కిలోమీటర్ల చక్కని నడక.

డఫ్‌టౌన్‌లో గ్లెన్‌ఫిడిక్, బాల్వెనీ డిస్టిలరీలు పక్కపక్కనే ఉన్నాయి, యజమానులూ ఒకరే. గ్లెన్‌ఫిడిక్ 1969 నుంచే సందర్శకులను ఆహ్వానిస్తోంది. అంతా పెద్దది, సాఫీగా నడుస్తుంది, కొత్తవారికి బాగుంటుంది. బాల్వెనీలో చిన్న బృందాలు, ఎక్కువ సమయం, నేల మీద బార్లీ మొలకెత్తించడం కూడా చూపిస్తారు. రెండిట్లో ఒకటే కుదిరితే బాల్వెనీకే వెళ్లాలి, అయితే నెలల ముందు బుక్ చేసుకోవాలి. 2018లో తెరిచిన మకాలన్ కొత్త భవనం అద్భుతం. పని మాత్రం అద్దాల గదిలో జరిగినట్టు ఉంటుంది, పాత డిస్టిలరీలో ముక్కుకు తగిలే ఆ పులిసిన వాసన, వేడి అక్కడ తక్కువ.

క్రెయిగెల్లాకీలోని స్పేసైడ్ కూపరేజ్‌ను మాత్రం వదలొద్దు. పాత పీపాలు విప్పి బాగుచేసే కార్ఖానా అది, పైనున్న గ్యాలరీ నుంచి కింద పని చూడొచ్చు. మేకుల్లేవు, జిగురు లేదు. కూపర్ (పీపాలు చేసేవాడు) ఓక్ చెక్కలను గుండ్రంగా నిలబెట్టి, ఇనుప కట్లు సుత్తితో దిగ్గొడతాడు. మూత చెక్కల సందుల్లో ఎండిన నీటి రెల్లు పోచలు దూరుస్తాడు. తడి తగలగానే అవి ఉబ్బి సందు మూసేస్తాయి. శని, ఆదివారాల్లో పని ఉండదు గనక వారం మధ్యలోనే వెళ్లాలి.

ఇక లోపల ఏం చూడాలి. బార్లీని నీళ్లలో నానబెట్టి, మొలకెత్తడానికి నేల మీద పరచడం ఇప్పుడు చాలా కొద్ది చోట్లే చేస్తున్నారు. ఐలాలో బోమోర్, లఫ్రోయిగ్, కిల్‌హోమన్ ఆ పాత పద్ధతిని వదల్లేదు. కొన్ని గంటలకోసారి చెక్క పారతో తిరగేయకపోతే మొలకల వేర్లు చిక్కుపడి చాపలా గట్టిపడతాయి, అడుగున వేడి పెరిగి గింజ పాడవుతుంది. తర్వాత పీట్ (బురదనేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టి ఇంధనం) పొగ పెడతారు. ఆ ఘాటును పీపీఎంలో (పది లక్షల్లో ఎన్ని భాగాలని) చెప్తారు, కానీ అది మాల్ట్‌లో, అంటే ఇలా మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో, కొలిచిన లెక్క, సీసాలోది కాదు. లగవూలిన్, కల్ ఈలా రెండూ దాదాపు 35 పీపీఎం మాల్టే వాడతాయి. లగవూలిన్ చిక్కగా, బరువుగా వస్తుంది, కల్ ఈలా తేలిగ్గా ఉంటుంది. కల్ ఈలా బట్టీలు పెద్దవి, వాటిని నిండుగా నింపరు, దాంతో ఆవిరి రాగిని ఎక్కువసేపు తాకి తేలికపడుతుంది. ఈ రెండు డిస్టిలరీలూ వరసగా చూస్తే ఈ తేడా నాలుక మీదే తెలుస్తుంది.

మర పట్టిన మాల్ట్‌లో పొట్టు ఐదో వంతు, పిండి పదో వంతు, మిగతాది రవ్వ. పిండి ఎక్కువైతే మాష్ టన్ (మాల్ట్‌ను వేడినీళ్లతో కలిపే పెద్ద తొట్టి) అడుగు బిగుసుకుని ద్రవం దిగదు, పొట్టే అక్కడ వడపోత. ఐలాలోని బ్రుక్‌లాడీ డిస్టిలరీలో మూతలేని పాత ఇనుప మాష్ టన్ ఇంకా పనిచేస్తోంది, ఈ మెట్టు చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. పులియబెట్టే తొట్టి మూత ఎత్తి వాసన చూడమంటే తల లోపలికి పెట్టకూడదు. కార్బన్ డయాక్సైడ్ ముక్కును సూదిలా పొడుస్తుంది. చేత్తో గాలి విసురుకుంటే చాలు.

బట్టీల గదిలో ఇత్తడి చట్రం, అద్దాలు, తాళంతో ఉన్న పెట్టె దగ్గర కాసేపు నిలబడాలి. ఆవిరి చల్లబడి వచ్చిన సారా అందులోంచే పారుతుంది. మొదట వచ్చిన దాంట్లో నీళ్లు కలిపితే మసకబారుతుంది. ఆ మసక పోయిందంటే మంచి భాగం మొదలైనట్టు, అప్పుడు పనివాడు పిడి తిప్పుతాడు. పొగ వాసన తెచ్చే ఫినాల్స్ చివర్లో ఎక్కువగా వస్తాయి, అందుకే ఎక్కడ ఆపుతాడన్నది విస్కీ స్వభావాన్నే మార్చేస్తుంది. ఆల్కహాల్ ఆవిరి ఉండే ఆ గదుల్లో చాలా చోట్ల ఫోన్లు, కెమెరాలు ఆపేయమంటారు.

చాలామందికి దెబ్బ తగిలేది జులై, ఆగస్టుల్లో. మరమ్మతుల కోసం బట్టీలు కొన్ని వారాలు ఆపేస్తారు, టూర్లు మాత్రం నడుస్తూనే ఉంటాయి. చల్లబడ్డ రాగి చూసి రావడమే అవుతుంది. బుక్ చేసేముందు ఆ తేదీల్లో డిస్టిలేషన్ నడుస్తుందా అని ఈమెయిల్‌లో అడగాలి, జవాబు ఇస్తారు.

మామూలు టూర్ ఎక్కువ చోట్ల 20 పౌండ్ల చుట్టుపక్కల ఉంటుంది. రెండోసారి వెళ్లేవారు మళ్లీ అదే టూర్‌కు డబ్బు పెట్టక్కర్లేదు, గోదాములో పీపా నుంచి తీసి పోసే టేస్టింగ్ తీసుకోవాలి. లగవూలిన్‌లో అది బాగుంటుంది. అక్కడ పోసేవాటిలో ఆల్కహాల్ 55 నుంచి 60 శాతం దాకా ఉంటుంది కాబట్టి ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. ముందు వాసన, తర్వాత ఒక గుక్క, ఆపైన నాలుగు చుక్కల నీళ్లు. పొగ తక్కువ ఉన్నవి ముందు తాగాలి. లఫ్రోయిగ్ తాగాక బున్నహావన్ రుచి చప్పగా అనిపిస్తుంది, తప్పు ఆ విస్కీది కాదు. ఉమ్మడానికి పాత్ర అడిగితే ఇస్తారు, ఎవరూ తప్పుగా అనుకోరు.

కొనడం విషయానికొస్తే, స్కాట్లాండ్ దుకాణాల్లో మద్యం అమ్మకం ఉదయం 10 నుంచి రాత్రి 10 దాకానే. 2021 నుంచి బ్రిటన్‌లో పర్యాటకులకు వ్యాట్ వాపసు లేదు. కాబట్టి విమానాశ్రయంలో దొరికే రకాలు డిస్టిలరీలో కొనక్కర్లేదు, అక్కడ తప్ప దొరకని సీసాలకే డబ్బు ఉంచుకోవాలి. ఇండియాకు పెద్దవారు ఒక్కొక్కరు రెండు లీటర్లు సుంకం లేకుండా తేవచ్చు. ఆల్కహాల్ 70 శాతం దాటినది విమానంలోకే అనుమతించరు. సీసాలను బట్టల్లో చుట్టి చెక్ఇన్ బ్యాగు మధ్యలో పెట్టాలి. ఢిల్లీలోనో ముంబైలోనో దిగి విజయవాడకో విశాఖకో మరో విమానం ఎక్కేవారు డ్యూటీఫ్రీ సీసాను చేతిలో ఉంచుకుంటే అక్కడి భద్రతా తనిఖీలో పోయే ప్రమాదం ఉంది. కస్టమ్స్ దగ్గర బ్యాగు చేతికొచ్చినప్పుడే అందులోకి మార్చేయాలి.