స్లాబ్ మీది పెద్ద ఏసీ: 2019 సంది వాడుతున్నం, ఎట్లున్నదంటే

మాది వరంగల్ చౌరస్తా దిక్కు బట్టల షోరూం, రెండో అంతస్తు, పైన ఇంకేం లేదు సీదా స్లాబే. 2019 ఎండాకాలం ముందు గోడలకున్న స్ప్లిట్ ఏసీలన్నీ తీసేసి రూఫ్‌టాప్ ప్యాకేజీ యూనిట్లు పెట్టించినం. అంటే కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్, బ్లోయర్ మొత్తం ఒకటే డబ్బాల స్లాబ్ మీద కూసుంటయి, కిందికి డక్టులే (చల్లగాలి పోయే రేకు గొట్టాలు) దిగుతయి. కంపెనీ పేరు రాస్తలేను, మిషన్ మంచిదే, పదికి ఏడు మార్కులు ఏస్త. మిగిలిన మూడు మార్కులు కంపెనీ చేతిల లేవు, పెట్టే ముందు స్లాబ్ మీద మనం చేయించుకునే పనిల ఉన్నయి, అందుకే ఎక్కువ దాని గురించే రాస్తున్న.

టన్నుల (బరువు కాదు, చల్లదనం కొలత) లెక్క కాడ్నే చానమంది ఆగమైతరు. వంద చదరపు ఫీట్లకు ఒక టన్ను అని నోటి లెక్క చెప్పి పోతరు గని పైన ఎండ తగిలే స్లాబ్ ఉన్నదా, పడమర దిక్కు అద్దాలున్నయా, తలుపు రోజంతా తీసి మూస్తరా, ఇవేం అడగరు. ఇంకొకటి, క్యాటలాగుల రాసే టన్నులు బయట 35 డిగ్రీలున్నప్పటి లెక్క. మన దగ్గర మే నెలల 44, 45 మామూలే, స్లాబ్ మీద కాయిల్ పక్కన ఇంకెక్కువ. బయట వేడి పెరిగిన కొద్ది మిషన్ ఇచ్చే చల్లదనం తగ్గుతది, గుంజే కరెంటు పెరుగుతది. అందుకే కొటేషన్ తీసుకునేటప్పుడు 46 డిగ్రీల దగ్గర ఎంత ఇస్తది అని అడగాలె, దానికి టీ3 అని రేటింగ్ ఉంటది, 35 ది టీ1. ఈ మాట అడిగితే వచ్చిన సేల్స్ పిలగాడు నా మొకం చూసి ఫోన్ తీసిండు.

డీలర్ "సేట్, 17 టన్నులది ఒక్కటే పెట్టు, సస్తగ అయితది" అన్నడు. మేం 8.5 టన్నులవి రెండు తీసుకున్నం. పైసలు ఎక్కువే అయినయి, డక్టు పని కూడ పెరిగింది, కాని సద్దుల బతుకమ్మ ముందు షాపు కిటకిటలాడుతుంటే ఒకటి ట్రిప్ అయి కూసున్నది, రెండోది నడిచింది, గిరాకీ బయటికి పోలే. ఆ ఒక్క సాయంత్రానికే తేడా పైసలు ఎళ్లినయనుకోండ్రి.

ఇగ స్లాబ్. ఒక్కో యూనిట్ నాలుగు క్వింటాళ్ల పైనే ఉంటది, దాన్ని తీస్కపోయి స్లాబ్ నడుమ పెడతా అంటే ఒప్పుకోవద్దు. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిచి బీములు, పిల్లర్లు ఎక్కడున్నయో చూపిచ్చి, వాటి మీదికి బరువు దిగేటట్టు ఇనుప గడ్డర్లు వేయించి, కింద రబ్బర్ ప్యాడ్లు పెట్టించినం. డక్టు కలిసే కాడ రేకుకు రేకు బిగించకుండ నడుమ క్యాన్వాస్ గుడ్డ పెట్టాలె, లేకపోతే బ్లోయర్ అదురుడంతా కిందికి దిగి ట్రయల్ రూముల గోడలు గూడ గుయ్యిమంటయి. చుట్టూ మూడు ఫీట్ల జాగ ఇడిసిపెట్టినం. ఎండకు నీడ అని పైన రేకుల షెడ్డు ఏయించుకునేటోళ్లు ఉన్నరు, అది మాత్రం వద్దు, ఫ్యాన్ పైకి కొట్టే వేడి గాలి రేకుకు తగిలి మళ్ల కాయిల్లకే వస్తది, నడి మధ్యాహ్నం లోపల గ్యాస్ ప్రెజర్ ఎక్కువై మిషన్ ట్రిప్ అయితది. దాని బదులు స్లాబుకు తెల్ల కూల్ రూఫ్ పెయింట్ ఏయించినం. 2023ల తెలంగాణ సర్కారు కూల్ రూఫ్ పాలసీ కూడ తెచ్చింది కదా. స్లాబ్ కాల్చుడు తగ్గింది, ఆ సంగతి కింద షోరూంల ర్యాకుల దగ్గర నిలబడే పిల్లలే చెప్తరు.

డక్టు దిగేటందుకు స్లాబుకు రంధ్రం కొడతరు, నాకు అన్నిటికన్న భయం దానికే ఉండె. చుట్టూ ఎత్తుగ సిమెంట్ కట్ట కట్టి, వాటర్ ప్రూఫింగ్‌ను కట్ట మీది దాక ఎక్కించి, నీళ్లు నిలిపి చూసినంకనే డక్టు దించనిచ్చిన. 2023 జూలై వానలు యాదికున్నయి కదా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్క రోజుల 649.8 మిల్లీమీటర్లు పడ్డది, మన దగ్గర కాలనీలు మునిగినయి. ఆ రోజు కూడ రంధ్రం కాడ చుక్క కారలే.

నీళ్లు కారింది వేరే దిక్కు నుంచి, ఏసీ నీళ్లే. వానలేవ్, స్లాబ్ ఎండిపోయి ఉన్నది, అయినా సీలింగ్ తడి. బ్లోయర్ లోపలికి గుంజుతుంటది కాబట్టి డ్రెయిన్ పైపుకు యూ లెక్క వంపు పెట్టి అండ్ల నీళ్లు నిలిచేటట్టు చెయ్యాలె, దాన్నే ట్రాప్ అంటరు. బిగించినోళ్లు సీదా పైపు పెట్టి పోయిండ్రు, గాలి పైపులకెళ్లి ఎదురు గుంజి నీళ్లు బయటికి పోకుండ ట్రే నిండి పొంగినయి. నాకు దొరికిన ముసలి మెకానిక్ ఒకాయన వచ్చి పైపు మూతికి అరచెయ్యి అడ్డం పెట్టిండు, చెయ్యి లోపలికి గుంజింది, "ఇదే సేట్" అన్నడు. పెద్ద ఖర్చు లేని పని, పీవీసీ ఎల్బోలు అంతే.

కోతుల సంగతి ఏ క్యాటలాగుల ఉండదు. బయటికి కనపడే డక్టు మీది ఫోమ్ ఇన్సులేషన్ ముక్కలు ముక్కలు పీకి రోడ్డు మీద పడేసినయి. ఇప్పుడు దాని మీద అల్యూమినియం రేకు చుట్టించినం, కేబుల్ మొత్తం ఇనుప పైపులకెళ్లి తెచ్చినం. ముందే చేయించుకోండ్రి.

యూనిట్లు పైకి ఎక్కించుడు హైడ్రా క్రేన్‌తోని అయింది, కాని మా ముంగట రోడ్డు మీద 11 కేవీ లైన్ ఉన్నది, ఎన్‌పీడీసీఎల్ (కరెంటు కంపెనీ) వాళ్లను అడిగి లైన్ క్లియర్ తీసుకొని, అంటే లైన్ల కరెంటు బంద్ చేయించుకొని, పొద్దుగాల్నే పని కానిచ్చినం. లోడ్ పెంచే దరఖాస్తు కూడ యూనిట్ రాకముందే పెట్టాలె. ప్యానెల్ల ఫేజ్ సీక్వెన్స్ రిలే తప్పనిసరి, మూడు ఫేజుల వరుస తప్పితే అది మిషన్‌ను స్టార్ట్ కానియ్యది. ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ పని చేసి ఫేజులు అటుఇటు కలిపిండ్రు, రిలే ఉండబట్టి యూనిట్ స్టార్టే కాలే, లేకపోతే స్క్రోల్ కంప్రెసర్ ఉల్టా తిరిగి గరగరమని పాడైపోతుండె.

రోజువారి మెయింటెనెన్స్ అంటే ఫిల్టర్లే. బట్టల షాపు కదా, మూటలు ఇప్పినప్పుడు లేచే నూగు మొత్తం రిటర్న్ గాలితో పోయి ఫిల్టర్ మీద దుప్పటి కప్పినట్టు పడతది. పత్తి సీజన్ల ఎనుమాముల మార్కెట్‌కు పోయే బండ్ల మీదికెళ్లి ఎగిరే దూది బయటి కాయిల్‌కు అంటుకుంటది, అది వేరే. స్లాబ్ మీద ఒక నల్లా, లైట్, ప్లగ్ పాయింట్, మంచి మెట్లు ముందే పెట్టించుకుంటే మెకానిక్ సక్కగ చేస్తడు, లేదంటే నిచ్చెన సాకు చెప్పి సంతకం పెట్టించుకొని పోతడు. బండ్లు కడిగే జెట్ పంపుతోని కాయిల్ కడగనియ్యకండ్రి, రెక్కలు వంగిపోతయి. ఏఎంసీల (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టుల) కంప్రెసర్, గ్యాస్ కలిసి ఉన్నయా లేదా రాతపూర్వకంగ చూసుకోండ్రి, మొదటి ఏఎంసీ వాళ్లతోని నాకు దీనికే పంచాయితీ అయింది.

హీటింగ్ ఉన్న మోడల్ గురించి మస్తు మంది అడుగుతరు. వరంగల్ల బట్టల షాపుకు అక్కర లేదు, చలికాలం పొద్దుగాల్ల కూడ లైట్లు, జనం వేడికే సరిపోతది, మేం ఆ నెలలల్ల కంప్రెసర్ బంద్ పెట్టి బయటి గాలి వచ్చే డ్యాంపర్ రెక్కలు తెరిచి బ్లోయర్ ఒక్కటే నడిపిస్తం. మా సడ్డకుడు ఆదిలాబాద్ల లాడ్జి కడుతున్నడు, అక్కడ జనవరిల 5 డిగ్రీల దాక పోతది, ఆయనకు మాత్రం హీట్ పంప్ మోడలే తీసుకొమ్మన్న, అదే కంప్రెసర్ గ్యాస్‌ను ఉల్టా తిప్పి వేడి ఇస్తది కాబట్టి కరెంటు హీటర్ల కన్న బిల్లు తక్కువ. ఆయన ఇంకా బీములు ఎక్కడున్నయో డ్రాయింగ్ ఎతుకుతున్నడు.