రెండేళ్లుగా రీఛార్జబుల్ సెల్లులే, ఒక్క గోడ గడియారానికి తప్ప

రెండేళ్ల కిందట నాలుగు ఏఏ సైజు రీఛార్జబుల్ సెల్లులు, ఒక ఛార్జర్ కలిపి ఉన్న ప్యాక్ కొన్నాను. పొదుపు కోసం కాదు, ఒళ్లు మండి కొన్నా. అప్పటికి మూడేళ్లుగా వాడుతున్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ గంటకే ఆగిపోవడం మొదలైంది, లోపలి బ్యాటరీ మారుద్దామని చూస్తే ఎక్కడా ఒక్క స్క్రూ కనపడదు, అంతా జిగురుతో అంటించేశారు. స్పీకర్లు బాగున్నాయి, మైకు బాగుంది, అయినా పక్కన పడేయాల్సి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన రూల్ ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ అమ్మే ఇలాంటి వస్తువుల్లో, కొన్ని మినహాయింపులు పోను, బ్యాటరీ కొన్నవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలట. నా హెడ్‌ఫోన్ అంతదాకా ఆగలేదు. అప్పట్నుంచి ఏది కొన్నా ముందు వెనక్కి తిప్పి బ్యాటరీ మూత ఉందా లేదా అని చూస్తున్నా.

సెల్లుల సంగతికొస్తే ఇవి నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఒకప్పుడు ఈ రకం ఫుల్ ఛార్జ్ చేసి డ్రాయర్‌లో పెడితే వాడకుండానే ఖాళీ అయిపోయేవి. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ అనే, ఛార్జ్ నిలుపుకునే సెల్లులు తెచ్చాక ఆ గోల చాలావరకు తీరింది, ప్యాక్ మీద ప్రీ-ఛార్జ్‌డ్ అని ఉంటే దాదాపుగా ఆ కొత్త రకమే. నావి 2000 ఎంఏహెచ్, అంటే ఒకసారి నింపితే ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే నంబర్. 2500 ఉన్నవీ దొరుకుతాయి కానీ వాటిని మామూలుగా తక్కువసార్లే ఛార్జ్ చేసుకోగలం, అందుకే పెద్ద నంబర్ చూసి ఎగబడలేదు.

మొదటి వారం మాత్రం మోసపోయాననుకున్నా. అప్పుడే ఛార్జర్‌లోంచి తీసి వాయిస్ రికార్డర్‌లో పెడితే సగమే ఉన్నట్టు చూపించింది! తప్పు సెల్లుది కాదు. ఆల్కలైన్ సెల్లు, అంటే వాడి పారేసే రకం, 1.5 వోల్టుల దగ్గర మొదలై మెల్లగా దిగుతూ వస్తుంది, ఇది 1.2 దగ్గరే చాలాసేపు నిలబడి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది, రికార్డర్ దాన్ని ఆల్కలైన్ అనుకుని లెక్కేస్తోంది. మెనూలో బ్యాటరీ రకం మార్చగానే సరిపోయింది. ఆ సెట్టింగ్ లేని వస్తువుల్లో బ్యాటరీ గుర్తును నమ్మకండి, జత స్పేర్ దగ్గర పెట్టుకోండి. కెమెరా ఫ్లాష్‌లో అయితే తేడా కంటికే తెలుస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ ఇవ్వగలవు కాబట్టి ఆల్కలైన్ కన్నా త్వరగా మళ్లీ రెడీ అవుతుంది.

రిమోట్‌కి ఎందుకులే అనుకుని ఆల్కలైన్‌తోనే వదిలేశా. ఒకరోజు మూత తీస్తే స్ప్రింగ్ చుట్టూ తెల్లటి పొడి గడ్డకట్టి ఉంది, ఒక సెల్లు లీకైంది. లోపలుండే పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొచ్చి గాలి తగిలి అలా అవుతుంది, వట్టి చేత్తో ముట్టుకోవద్దు. చెవులు శుభ్రం చేసుకునే దూది పుల్లని వెనిగర్‌లో ముంచి రుద్దితే సన్నగా బుసబుసమని నురగ వచ్చి పొడి పోయింది, స్ప్రింగ్ మాత్రం నల్లబడిపోయింది. రిమోట్ బతికింది. నికెల్ రకం లీకవడం అరుదు కాబట్టి ఇప్పుడు దాన్లోనూ ఇవే. గోడ గడియారానికి మాత్రం మామూలు సెల్లే, అది తాగే కరెంట్ ఎంతని.

ఛార్జర్ గురించి ఒక్క మాట. జతలు జతలుగా మాత్రమే ఛార్జ్ చేసేది వద్దు, ఒక్కో సెల్లుని విడిగా చూసి నిండగానే ఆపేది తీసుకోండి. నాది అలాంటిదే కాబట్టి ఈమధ్య ఒక సెల్లు పది నిమిషాలకే ఫుల్ అంటోందని, అంటే అది ముసలిదైపోయిందని తెలిసింది. బలమైనదాని పక్కన పెడితే బలహీనమైనది ఇంకా త్వరగా పాడవుతుంది, అందుకే దాని మీద మార్కర్‌తో గీత పెట్టి పక్కకు తీశా. మిగతా మూడూ బాగానే ఉన్నాయి, రికార్డర్‌కి రెండు చాలు.