పల్లె అంబులెన్సుకు ప్రభుత్వ సొమ్ము: ట్రిప్పుల లెక్కనా, నెలకింతనా?

ట్రిప్పుకింత అని ఇస్తే లెక్క తేలిక: బండి తిరిగితేనే బిల్లు. కాల్స్ ఎక్కువుండే పట్టణంలో ఇది నడుస్తుంది. పల్లెలో నడవదు, అక్కడ ఖర్చంతా ఎదురుచూపుకే. ఒక బండి రాత్రీపగలూ సిద్ధంగా ఉండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటల డ్యూటీ అనుకుంటే ఒక్కో సీటుకు ముగ్గురున్నర మంది. డ్రైవరు, టెక్నీషియను రెండు సీట్లకూ ఏడుగురు. సెలవులు, జబ్బులు కలుపుకుంటే ఎనిమిది తొమ్మిది మంది. కాల్స్ రాకపోయినా ఈ జీతాలు తగ్గవు. డబ్బు చాలనప్పుడు కోత పడేది రాత్రి షిఫ్టుకే, పాము కాట్లకూ పురిటి నొప్పులకూ రాత్రని ఉండదు కదా! రోగిని ఎక్కిస్తేనే చెల్లింపు అని రాసుకుంటే, ఇంటి దగ్గరే చికిత్స చేసి వచ్చినదానికి పైసా రాదు.

నెలకింత అని ఇస్తే ఆ బెంగ లేదు. దీని జబ్బు వేరు: బండి షెడ్డులో పడి ఉన్నా బిల్లవుతుంది. అందుకే ఆగిన ప్రతి గంటకూ కోత రాసుకోవాలి. కాల్ అందిన, బండి కదిలిన సమయాలు జీపీఎస్‌తో సరిచూడాలి. షిఫ్టు మారేటప్పుడు ఆక్సిజన్ గేజి చూసి సంతకం పెట్టించాలి. 1,500 లీటర్ల సిలిండరు సగమే ఉంటే, నిమిషానికి 10 లీటర్ల చొప్పున గంటంపావే వస్తుంది. ఆసుపత్రి గంటన్నర దూరమైతే దారిలోనే అయిపోతుంది.

నా ఓటు నెలవారీకే. డీజిలు, టైర్లు మాత్రం కిలోమీటరు లెక్కన విడిగా ఇవ్వాలి; లేకుంటే దూరపు కాల్‌కు వెళ్లడానికి వెనకాడతారు.