డోరా నుంచి రోజీ దాకా: మా ఇంట్లో స్పానిష్ షోలు

మేముండేది డల్లాస్ పక్కన. కిరాణా కొట్లో, పార్కులో, స్కూల్ బస్సు దగ్గర ఎటు చూసినా స్పానిష్ వినిపిస్తుంది. పిల్లలకి టీవీ ఎలాగూ పెట్టక తప్పదు కాబట్టి స్పానిష్, ఇంగ్లిష్ కలిసి ఉండే షోలే పెడుతూ వచ్చాం. పాప డోరాతో పెరిగింది. బాబుకి రోజీస్ రూల్స్, ఆల్మాస్ వే. ఇప్పటికీ పెడుతూనే ఉన్నాం. కానీ వీటిని చూసి పిల్లలు స్పానిష్ మాట్లాడేస్తారనుకుంటే నిరాశే మిగులుతుంది.

ముందు డోరా. 2000లో నికెలోడియన్ అనే పిల్లల ఛానెల్లో మొదలైన పాత కార్టూన్ సిరీస్ సంగతి చెప్తున్నాను. డోరా ప్రశ్న అడిగి ఆగుతుంది. మనవైపే చూస్తూ నిలబడుతుంది. పెద్దవాళ్లకి ఆ ఆగడం ప్రాణం తీస్తుంది గానీ, మూడేళ్ల పిల్లకి జవాబు వెతుక్కోవడానికి ఆ మాత్రం టైమ్ కావాలి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య పాప పక్కన కూర్చుని, దొంగనక్క స్వైపర్ కనపడగానే పాప కన్నా ముందు అరిచేవారు. 'అరీబా' అంటే పైకి అని పాప ఆవిడకి పాఠం చెప్పేది. ఆవిడ ఊరెళ్లాక అదే ఎపిసోడ్ ఒంటరిగా పెడితే పాప నోరు మెదపలేదు. పక్కన ఒకరు కూర్చుంటేనే ఈ షోకి విలువ.

లోటు ఏమిటంటే, డోరా స్పానిష్ రంగులు, అంకెలు, పైకి, కిందికి దగ్గరే తిరుగుతుంది, వాక్యం దాకా పోదు. పాప పదిదాకా గడగడా లెక్కపెట్టేది. పార్కులో ఓ పిల్ల ఏదో అడిగితే మాత్రం తెల్లమొహం వేసింది. అరుపులూ ఎక్కువే. 2024లో పారామౌంట్ ప్లస్ అనే స్ట్రీమింగ్ సర్వీసులో వచ్చిన కొత్త డోరాలో బొమ్మలు తళతళలాడతాయి, ఎపిసోడ్లు చిన్నవి. పాత డోరాకి గొంతిచ్చిన క్యాథ్లీన్ హెర్లెస్ ఇందులో డోరా వాళ్లమ్మకి గొంతిచ్చింది. అది నాకు భలే నచ్చింది. అయినా దీనికోసమే నెలనెలా డబ్బు కట్టమని చెప్పను.

నా ఓటు 2022లో వచ్చిన రోజీస్ రూల్స్‌కే. రోజీకి అయిదేళ్లు, ఉండేది టెక్సస్‌లోనే. నాన్నది మెక్సికో సిటీ, అమ్మది విస్కాన్సిన్. ఇందులో స్పానిష్ పాఠంలా రాదు. మన ఇళ్లలో తెలుగులో మొదలైన మాట ఇంగ్లిష్‌లో ముగిసినట్టు, మాటల్లో కలిసిపోయి వస్తుంది. చుట్టూ ఉన్న లోకం ఎలా నడుస్తుందో చెప్పడం షో అసలు పని. మా బాబు స్నేహితుల ముందు నాతో తెలుగులో మాట్లాడటానికి సిగ్గుపడడు. ఆ వయసులో పాప అయితే నా నోరు మూయించేది. ఇందులో కొంత రోజీ ఖాతాలో వేస్తాను, రుజువులు అడక్కండి.

2021లో మొదలైన ఆల్మాస్ వే న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ప్యూర్టోరికన్ కుటుంబం కథ. 1971 నుంచి 2015 దాకా సెసమీ స్ట్రీట్ అనే పిల్లల షోలో మరియాగా కనిపించిన సోనియా మంజానో దీన్ని సృష్టించారు. ఆరేళ్ల ఆల్మా మధ్యలో ఆగి, ఏం చేయాలో తనలో తాను ఆలోచించుకుంటుంది. కథల వరకు మూడింట్లో ఇదే మెరుగు. స్పానిష్ మాత్రం పలచన.

రోజీ, ఆల్మా రెండూ ఇక్కడి పబ్లిక్ టీవీ అయిన పీబీఎస్ వాళ్ల పీబీఎస్ కిడ్స్ యాప్‌లో ఉచితం. లాగిన్ అక్కర్లేదు, బొమ్మలు కొనమనే ప్రకటనలుండవు. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ పీబీఎస్ లాంటి పబ్లిక్ ప్రసారాలకి ఇవ్వాల్సిన 110 కోట్ల డాలర్లు రద్దు చేసింది. అప్పటి నుంచి కొత్త ఎపిసోడ్ల గురించి నాకు కాస్త టెన్షనే.

రెండు మూడేళ్ల పిల్లలుంటే పాత డోరా పెట్టండి, నాలుగు దాటితే రోజీ. స్పానిష్ మాట్లాడించాలనే పట్టుదల ఉంటే, ఇక్కడి ప్రభుత్వ బడుల్లో చాలాచోట్ల రెండు భాషల్లో పాఠాలు చెప్పే డ్యూయల్ లాంగ్వేజ్ తరగతులున్నాయి, కనుక్కోండి. పాపకి వాక్యాలు వచ్చింది అక్కడే. ఇప్పుడు తమ్ముడు డోరా పెట్టుకుంటే, మరీ చిన్నపిల్లల స్పానిష్ అని వంకలు పెడుతోంది.