క్వెటియాపిన్ వాడేవారికి రిటోనవిర్ మేలా, డొలుటెగ్రవిర్ మేలా?

మానసిక వ్యాధికి క్వెటియాపిన్ వాడుతున్నవారికి హెచ్‌ఐవీ చికిత్స మొదలుపెట్టేటప్పుడు రిటోనవిర్ కలిసిన మందులు ఇస్తారా, డొలుటెగ్రవిర్ ఇస్తారా అన్నది చిన్న విషయం కాదు. క్వెటియాపిన్‌ను కాలేయంలో విచ్ఛిన్నం చేసే సీవైపీ3ఏ4 అనే ఎంజైమును రిటోనవిర్ గట్టిగా అడ్డుకుంటుంది కనుక, రోజూ వేసుకునే అదే మాత్ర రక్తంలో కొన్ని రెట్లు పేరుకుని, పొద్దున్నే మంచం దిగబోయిన మనిషి రక్తపోటు పడిపోయి, కళ్లు తిరిగి అక్కడే కూలబడవచ్చు. పగలంతా మత్తు వదలకపోవచ్చు, గుండె లయ కూడా తప్పవచ్చు. అందుకే మోతాదును ఆరో వంతుకు, అంటే 300 మిల్లీగ్రాములు వాడేవారికి 50కి, తగ్గించాలని అమెరికాలో ఆమోదించిన ఔషధ వివరణ పత్రం చెబుతోంది. రిటోనవిర్ ఆపాక ఆ మోతాదును తిరిగి పెంచడం మరిచిపోతే మానసిక వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఉంది. నా దృష్టిలో ఎక్కువగా భయపడవలసింది ఈ మరుపుకే. మానసిక వ్యాధికే వాడే లురాసిడోన్, పిమోజైడ్‌లనైతే రిటోనవిర్‌తో అసలు కలపకూడదు. ఒలాంజపిన్ అనే మరో మానసిక వ్యాధి మందు విషయంలో మాత్రం కథ తిరగబడి, దాని స్థాయి దాదాపు సగానికి పడిపోతుంది.

డొలుటెగ్రవిర్ ఆ ఎంజైమును అడ్డుకోదు కనుక క్వెటియాపిన్ మోతాదు మార్చనక్కర్లేదు. దీనితో నిద్రలేమి రావచ్చు, బరువు పెరగవచ్చు. మూర్ఛకు వాడే కార్బమజెపిన్ తోడైతే దీని స్థాయే తగ్గిపోతుంది. అయినా వైరస్ దీనికి లొంగని స్థితి లేనంతవరకు నేను డొలుటెగ్రవిర్ వైపే మొగ్గుతాను.