గూగుల్ సెర్చ్ కన్సోల్: ఏళ్లపాటు వాడాక చెబుతున్నా

వెబ్‌సైట్‌ను సెర్చ్‌లో పైకి తేవడానికి ఏ టూల్ వాడాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది గూగుల్ సెర్చ్ కన్సోల్ పేరే. కుట్టు మిషన్ల వాడకం, ఇంట్లోనే చేసుకోగల చిన్నచిన్న రిపేర్ల మీద నేనొక సైట్ నడుపుతున్నాను. దానికి మొదటినుంచీ ఇదే వాడుతున్నాను. డబ్బు కట్టే కీవర్డ్ (జనం వెతికే మాటల) టూల్స్ కూడా మధ్యమధ్యలో తీసుకున్నాను, కొన్నాళ్లకు ఆపేశాను. ఇది మాత్రం ఆపలేదు. ఉచితం కావడం ఒక కారణం. దానికంటే పెద్ద కారణం, బయటి టూల్స్ ఇచ్చేవి అంచనాలు. నా పేజీ ఏ మాటలకు కనిపించింది, ఎంతమంది నొక్కారు అన్నది గూగుల్ సొంత లెక్కల్లోంచి తీసి చూపించేది ఇదే.

అయితే ఇందులో ఏ బటన్ నొక్కినా పేజీ పైకి రాదు. ఆ ఆశతో తెరిచినవాళ్లు వారంలో మూసేస్తారు. జనం ఏం వెతుకుతూ మన దాకా వస్తున్నారో ఇది చూపిస్తుంది, జవాబు రాసే కష్టం మనమే పడాలి.

2005లో సైట్‌మ్యాప్‌లు (సైట్‌లోని పేజీల జాబితాలు) గూగుల్‌కు పంపుకునే సేవగా మొదలై, 2006లో వెబ్‌మాస్టర్ టూల్స్ అయి, 2015లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. వాడేవాళ్లకు బాగా పనికొచ్చిన మార్పు 2018లో వచ్చింది. అంతకుముందు 90 రోజుల డేటానే కనిపించేది, అప్పటినుంచి 16 నెలలది కనిపిస్తోంది. దాంతో పోయినేడాది ఇదే నెలతో పోల్చుకోవడం కుదిరింది. కొన్ని విషయాల మీద వెతుకులాట కాలాన్నిబట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ పోలిక చేతిలో లేకపోతే మామూలు తగ్గుదల చూసి కూడా ర్యాంకు పోయిందని టెన్షన్ పడతాం.

నేను ఎక్కువసేపు ఉండేది పెర్ఫార్మెన్స్ రిపోర్టులో. క్లిక్కులు, ఇంప్రెషన్లు (ఫలితాల్లో ఎన్నిసార్లు కనిపించామో), సీటీఆర్ (కనిపించినవాటిలో ఎంత శాతం నొక్కారో), సగటు స్థానం (ఫలితాల్లో ఎన్నో వరసలో వచ్చామో) అని నాలుగు లెక్కలు ఉంటాయి. తెరవగానే కనిపించే సైట్ మొత్తం గ్రాఫ్‌ను నేను పెద్దగా పట్టించుకోను. ఒక పేజీని ఎంచుకుని, దాని మీద ఫిల్టర్ పెట్టి, క్వెరీస్ (జనం వెతికిన మాటల) ట్యాబ్‌లోకి వెళ్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మిషన్ సంరక్షణ మీద నాదొక పెద్ద పేజీ ఉండేది. నూనె వేయడం, దుమ్ము తీయడం, సూది మార్చడం అన్నీ అందులోనే. ఇంప్రెషన్లు బాగానే వచ్చేవి, క్లిక్కులు మాత్రం అంతంతమాత్రం. క్వెరీలు తెరిచి చూస్తే పై వరసల్లో నూనె ఊసే లేదు. ‘కుట్టు కింద దారం ముద్ద కడుతోంది’, ‘బాబిన్ దారం చిక్కుపడుతోంది’, ‘కిందివైపు కుట్టు వదులుగా వస్తోంది’ అని అడుగుతున్నారు. ఈ మాటలకు నా పేజీ పది, పన్నెండు స్థానాల దగ్గర ఆగిపోయి ఉంది. జవాబు పేజీలో ఉంది, కానీ ఎక్కడో చివర రెండు వాక్యాల్లో. సూది కింద గుడ్డ ఇరుక్కుపోయి, ఒక చేత్తో కత్తెర, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకున్న మనిషికి నూనె వేసే పద్ధతులన్నీ దాటుకుని అక్కడిదాకా రావడానికి ఓపిక ఎక్కడుంటుంది?

ఆ ఒక్క సమస్యకే విడిగా పేజీ రాశాను. జవాబు మొదటి పేరాలోనే పెట్టాను. ముద్ద కింద కనిపించినా తేడా చాలావరకు పైదారంలోనే ఉంటుంది. గుడ్డను నొక్కిపట్టే పాదం దించి ఉండగా దారం ఎక్కిస్తే, అది దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ డిస్కుల మధ్యలోకి దిగదు. బిగువు లేని పైదారం గుడ్డ కిందికి వదులుగా జారి ముద్ద కడుతుంది. పాదం పైకెత్తి, దారం పూర్తిగా తీసేసి, మళ్లీ ఎక్కించి చూడాలి. సరిగా ఎక్కిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష కూడా రాశాను: పాదం ఎత్తి ఉన్నప్పుడు దారం లాగితే తేలిగ్గా రావాలి, దించాక లాగితే బిగుతు తెలియాలి. రెండుసార్లూ తేలిగ్గా వచ్చేస్తే దారం డిస్కుల మధ్య లేనట్టే. నా మిషన్ మీదే రెండు రకాలుగా దారం ఎక్కించి కుట్టి, ఆ రెండు గుడ్డముక్కల వెనకవైపు ఫొటోలు పక్కపక్కనే పెట్టాను. బాబిన్, సూది సంగతులు ఆ తర్వాతే వస్తాయి. పాత పేజీలోంచి ‘కింద దారం ముద్ద కడుతుంటే’ అన్న మాటల మీదే కొత్త పేజీకి లింకు ఇచ్చాను.

కొన్ని నెలల్లో ఆ క్వెరీల్లో చాలావాటికి కొత్త పేజీ మొదటి మూడు స్థానాల్లోకి చేరింది. ఇందులో ఒక మాట ఎన్నిసార్లు వాడాలి అన్న కీవర్డ్ లెక్కలేవీ వేయలేదు. పేజీ కోడ్‌లో కీవర్డ్లు నింపే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ను వెబ్ ర్యాంకింగ్‌కు వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. అయినా ఇప్పటికీ దాన్ని నింపమని సలహా ఇచ్చేవాళ్లు తగులుతూనే ఉంటారు. సెర్చ్ ఫలితాల నాణ్యతను పరిశీలించేవాళ్లకు గూగుల్ ఇచ్చే మార్గదర్శకాల్లో, నైపుణ్యం, ప్రామాణికత, నమ్మకం అనే మూడింటికి 2022 డిసెంబరులో ‘అనుభవం’ కూడా చేరింది. ఆ పరిశీలకులు ఇచ్చే మార్కులు నేరుగా ఏ పేజీ ర్యాంకునూ మార్చవు. కానీ గూగుల్ ఎలాంటి పేజీలను మంచివనుకుంటుందో అర్థం చేసుకోవడానికి ఆ పత్రం ఓపిగ్గా చదవాల్సిందే. స్వయంగా కుట్టి తీసిన ఫొటోకు ఉన్న విలువ ఎక్కడినుంచో తెచ్చిపెట్టిన బొమ్మకు ఉండదని నాకు గట్టి నమ్మకం.

శీర్షికల విషయంలోనూ ఈ రిపోర్టే నాకు దారి చూపింది. స్థానం మూడో నాలుగో ఉండి కూడా సీటీఆర్ మరీ తక్కువగా ఉంటే ముందు శీర్షికనే అనుమానిస్తాను. ‘కుట్టు మిషన్ సమస్యలు: సంపూర్ణ మార్గదర్శి’ అని ఉంటే వెతికేవాడికి తన సమస్య అందులో ఉందో లేదో తెలియదు. ‘కుట్టు కింద దారం ముద్ద కడుతోందా? ముందు పైదారం చూడండి’ అంటే వెంటనే తెలుస్తుంది. మనం రాసిన శీర్షికనే గూగుల్ చూపిస్తుందన్న హామీ లేదు. పేజీలోని హెడింగ్ లాంటి వాటి నుంచి తీసుకుని మార్చి చూపించడం 2021 ఆగస్టు తర్వాత ఎక్కువైంది. శీర్షిక, పేజీలోని పెద్ద హెడింగ్ ఒకే విషయం చెప్పేలా ఉంచితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

కొత్తగా వాడేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ తికమకపెట్టేది సగటు స్థానం. ఒక పేజీ కొత్తగా ఇంకో యాభై క్వెరీలకు నలభయ్యో స్థానంలో కనిపించడం మొదలైందనుకుందాం. పాత క్వెరీల్లో ర్యాంకు చెక్కుచెదరకపోయినా సగటు దిగజారుతుంది. నిజానికి అది మంచి వార్త. అందుకే ఆ లెక్కను సైట్ మొత్తానికి చూడటం మానేసి, ఒక పేజీ, ఒక క్వెరీ పట్టుకుని, రెండు కాలాలను పోల్చి చూస్తాను.

ఇంకో పని కూడా దీంతో బాగా అవుతుంది. ఒక క్వెరీ మీద ఫిల్టర్ పెట్టి పేజెస్ ట్యాబ్‌కి వెళ్తే, ఒకే ప్రశ్నకు మన పేజీలే రెండు మూడు పోటీ పడుతున్నాయేమో కనిపిస్తుంది. సూది సైజుల మీద నావి రెండు పేజీలు అలా ఒకటి మార్చి ఒకటి వస్తూ, ఏదీ నిలదొక్కుకోలేకపోయేవి. రెండింటిలోని మంచినంతా ఒక పేజీలోకి చేర్చి, రెండోదానికి 301 రీడైరెక్ట్ (పాత చిరునామాకు వచ్చినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టాక స్థానం నిలకడగా ఉంది.

ఇండెక్సింగ్ (గూగుల్ తన జాబితాలో పేజీని చేర్చుకోవడం) రిపోర్టు గురించి తక్కువే చెబుతాను. ‘క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్’ అన్న వరసను మాత్రం చూస్తూ ఉండండి. గూగుల్ పేజీని వచ్చి చూసింది, అయినా ఇండెక్స్‌లో పెట్టుకోలేదని దానర్థం. నా అనుభవంలో ఇలా మిగిలిపోయినవి ఎక్కువగా సమాచారం పలచగా ఉన్న పేజీలు, లేదా వేరేచోట ఇప్పటికే చెప్పినదాన్నే మళ్లీ చెప్పే పేజీలు. ఒక్కో పేజీని విడిగా పరీక్షించే యూఆర్ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో రిక్వెస్ట్ ఇండెక్సింగ్ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కినంత మాత్రాన పని త్వరగా అవదని గూగుల్ సహాయ పేజీల్లోనే ఉంది. సైట్‌మ్యాప్‌లో ప్రయారిటీ (పేజీ ప్రాధాన్యం), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుందన్నది) విలువలను గూగుల్ పట్టించుకోదు. మార్పు తేదీ నిజాయితీగా ఉంటే దాన్ని వాడుకుంటుంది. ఒక పేజీ సెర్చ్‌లో రాకూడదనుకుంటే రోబోట్స్ ఫైల్‌లో (ఏ పేజీలు చదవొద్దో గూగుల్‌కు చెప్పేది) అడ్డుకోవడం సరిపోదు, నోఇండెక్స్ (ఇండెక్స్‌లో పెట్టొద్దని చెప్పే ట్యాగ్) పెట్టాలి, ఆ ట్యాగ్‌ను గూగుల్ చదవాలంటే రోబోట్స్ ఫైల్‌లో ఆ పేజీకి అడ్డు ఉండకూడదు.

పేజీ ఎంత వేగంగా, నిలకడగా తెరుచుకుంటుందో చూపే కోర్ వెబ్ వైటల్స్‌లో మూడు కొలతలు ఉన్నాయి. ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కినదానికి స్పందన 200 మిల్లీసెకన్లలోపు రావాలి, పేజీ అటూఇటూ కదిలే స్కోరు 0.1 దాటకూడదు. రెండోది 2024 మార్చిలో పాత కొలత ఎఫ్ఐడీ స్థానంలో వచ్చిన ఐఎన్‌పీ. ఈ లెక్కలు నిజమైన క్రోమ్ వాడకందారుల నుంచి వస్తాయి కాబట్టి, సందర్శకులు తక్కువున్న సైట్‌కు ‘తగినంత డేటా లేదు’ అనే కనిపించవచ్చు. ఫొటోల సైజు తగ్గించి, వాటికి వెడల్పు, ఎత్తు ఇవ్వడంతోనే నా పేజీలు పచ్చరంగులోకి (బాగున్నాయన్న గుర్తు) వచ్చాయి. అంతకుమించి దీని మీద నిద్ర పాడుచేసుకోవాల్సిన పనిలేదు. తొందరగా తెరుచుకునే పేజీలో సరైన జవాబు లేకపోతే ఎవరికీ లాభం లేదు.

మొదటి స్థానం గ్యారంటీ అంటూ వచ్చే ఫోన్‌కాల్స్ గురించి చెప్పకుండా ఉండలేను. గూగుల్‌లో ఒకటో ర్యాంకుకు ఎవరూ హామీ ఇవ్వలేరని గూగులే రాతపూర్వకంగా చెప్పింది. నాకు తెలిసిన ఒకామె ఇలాంటి సంస్థ ఒకదాని మాట నమ్మి వేరే సైట్ల నుంచి తన సైట్‌కు లింకులు కొనుక్కుంది. తర్వాత ఆమె కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్స్ (గూగుల్ మనుషులు చూసి తీసుకునే చర్యలు) దగ్గర నోటీసు వచ్చింది. లింకులు తీయించి, తీయలేనివాటిని డిసవౌ చేసి (లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పి), పునఃపరిశీలనకు దరఖాస్తు పెట్టుకునేసరికి ఆమె పడ్డ అవస్థ చూశాక ఎవరు ఈ మాట ఎత్తినా వద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ నోటీసుల పేజీ మీ సైట్‌కు ఖాళీగా ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

ఇక ఇది ఇవ్వనివి. పట్టికలో 1000 వరసలకు మించి కనిపించవు. చాలా కొద్దిమందే అడిగిన క్వెరీలను గోప్యత కోసం దాచేస్తుంది, అందువల్ల క్వెరీల వారీ క్లిక్కులు కూడితే మొత్తంతో సరిపోవు. పోటీ సైట్ల గురించి ఏమీ చెప్పదు. ఇప్పుడు ఫలితాల పైన వస్తున్న ఏఐ ఓవర్‌వ్యూల (ఏఐ రాసిచ్చే సారాంశ జవాబుల) లెక్క కూడా మామూలు వెబ్ లెక్కల్లోనే కలిసిపోతుంది. ఇంప్రెషన్లు అలాగే ఉండి క్లిక్కులు తగ్గితే, కారణం అదేనా అన్నది ఇందులో విడిగా తెలియదు. అలాంటప్పుడు నేను ఆ క్వెరీని స్వయంగా వెతికి, పైన ఏం వస్తోందో కళ్లారా చూస్తాను. ఒక వాక్యంలో తేలిపోయే ప్రశ్నలకు క్లిక్కులు తగ్గుతున్నాయి. చేతిపని చూపించాల్సిన ప్రశ్నలకు జనం ఇంకా పేజీలోకి వస్తున్నారు. నా రాత కూడా అటువైపే జరుపుకుంటున్నాను.

సైట్ మొదలుపెట్టిన రోజే దాన్ని కన్సోల్‌లో ప్రాపర్టీగా చేర్చేయండి, ఎందుకంటే చేర్చినప్పటినుంచే డేటా పోగవుతుంది. డొమైన్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ రికార్డు పెట్టి డొమైన్ ప్రాపర్టీగా చేర్చుకుంటే సబ్‌డొమైన్లు, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్ అన్నీ ఒకేచోట కనిపిస్తాయి. 16 నెలలు దాటిన డేటా మళ్లీ దొరకదు. అందుకని ప్రతి నెలా మొదట్లో ముఖ్యమైన పేజీల క్వెరీలను షీట్‌లోకి దింపుకుని దాచుకుంటాను. పెద్ద సైట్లున్నవాళ్లకు 2023 నుంచి గూగుల్ డేటా నిల్వ సేవ బిగ్‌క్వెరీలోకి రోజూ దానంతటదే పంపే సదుపాయం ఉంది. నాలాంటి చిన్న సైట్‌కు షీట్ చాలు.